పళ్లు కలుస్తున్నాయా అని అడిగేదెవరు?

బండి జారి పడిన కుర్రాణ్ని క్యాజువాలిటీకి తెస్తే ముందు తల చూస్తారు, ఆ తర్వాత కాళ్లూ చేతులూ చూస్తారు. మెదడులో నెత్తురు గడ్డ కట్టలేదని స్కానింగ్‌లో తేలగానే బంధువులు ఊపిరి పీల్చుకుంటారు. గదవ కింద చీరుకుపోయిన చోట నాలుగైదు కుట్లు వేసి, టెటనస్ ఇంజెక్షన్ చేసి, నొప్పి మాత్రలు రాసి పంపేస్తారు. వారానికి వాపు దిగుతుంది. అప్పుడు అన్నం ముద్ద నోట్లో పెట్టుకుంటే నమలడం కుదరదు. పై పళ్లూ కింది పళ్లూ ఒకదానిమీద ఒకటి కూర్చోవు. దెబ్బ తగిలింది కదా, అదే సర్దుకుంటుందిలే అని ఇంట్లో ధైర్యం చెబుతారు. దవడ అలా సర్దుకోదు. మూడు నాలుగు వారాలు గడిస్తే విరిగిన ముక్కలు జరిగిన చోటే అతుక్కోవడం మొదలుపెడతాయి. అప్పుడు దంతవైద్య కళాశాలకు వెళ్తే, వంకరగా అతికిన ఎముకను మళ్లీ కోసి నిలబెట్టాల్సి వస్తుంది.

ఆ కుర్రాడి విషయంలో ఎవరూ కావాలని అన్యాయం చేయలేదు. ప్రాణం నిలబెట్టడమే క్యాజువాలిటీ మొదటి పని, దాన్ని చేశారు. కానీ "నీ పళ్లు ఎప్పటిలాగే కలుస్తున్నాయా బాబూ?" అని ఒక్కరు అడిగి ఉంటే సరిపోయేది. దవడ విరిగిందేమోనని అనుమానించడానికి ఇంతకన్నా చవకైన పరీక్ష లేదు. పళ్ల కలయికలో వెంట్రుకవాసి తేడా వచ్చినా మనిషికి తెలిసిపోతుంది. దానితోపాటు కింది పెదవి మొద్దుబారిందా, నాలుక కింద నెత్తురు కమిలిందా, నోరు తెరిస్తే గదవ ఒక పక్కకు లాగుతోందా, చెవిలోంచి నెత్తురు వస్తోందా అని చూస్తే చాలు. నిమిషంలో అయ్యే పని. ఆ నిమిషాన్ని ప్రతి ఆసుపత్రిలో తప్పనిసరి చేయాలి. రోడ్డు మీద గదవను కాపాడే పనీ దానితో పాటే మొదలవ్వాలి.

ముఖంలో కదిలే ఎముక కింది దవడ ఒక్కటే. వంపు తిరిగిన ఈ ఎముక రెండు కొసలూ చెవుల ముందు పుర్రెకు కీళ్లతో బిగించి ఉంటాయి. గాజును నొక్కితే ఒక్కచోటే విరిగి ఊరుకోదు కదా, దవడా అంతే. ఒక చోట చిట్లిందని తెలిస్తే రెండో చోటు కోసం వెతకాలన్నది ముఖ శస్త్రవైద్యులు తమ విద్యార్థులకు మొదట నేర్పే పాఠం. ఎముక దళసరిగానే ఉన్నా దానికి బలహీనమైన చోట్లు కొన్ని ఉన్నాయి. కోరపన్ను వేరు లోతుగా దిగిన చోట అది పలచబడుతుంది. బయటికి రాని జ్ఞానదంతం దవడ మూలలో ఇరుక్కుని ఉంటే అక్కడా బలం తగ్గుతుంది. అన్నిటికన్నా సన్నటిది కీలు కిందుండే మెడ. అది సన్నగా ఉండటం ఒక విధంగా మేలే. గదవకు తగిలిన దెబ్బ నేరుగా పైకి పాకి కీలును మెదడు ఉండే గదిలోకి గుచ్చకుండా, మధ్యలో తాను విరిగి ఆ ఊపును తగ్గిస్తుంది.

అందువల్లే విరిగిన తీరును చూసి దెబ్బ తగిలిన తీరును చాలావరకు చెప్పవచ్చు. మనిషి మొహం బోర్లా నేలను తాకితే గదవ మధ్యలో ఒక పగులు, రెండు చెవుల ముందు చెరొక పగులు కనిపిస్తాయి. పరేడ్‌లో గంటల తరబడి నిటారుగా నిలబడి, స్పృహ తప్పి ముందుకు పడిపోయే బ్రిటిష్ గార్డు సైనికుల్లో ఈ మూడు పగుళ్లు ఎక్కువగా కనిపించడంతో వైద్యగ్రంథాలు దీనికి వాళ్ల పేరే పెట్టాయి. కుడిచేతి వాటం మనిషి ఎదురుగా నిలబడి పిడిగుద్దు గుద్దితే ఎడమ దవడ మూల విరుగుతుంది, చాలాసార్లు కుడివైపు కోరపన్ను దగ్గర కూడా చిట్లుతుంది. పై దవడ సంగతి వేరు. 1901లో ఫ్రెంచ్ వైద్యుడు రెనే లె ఫోర్ శవాల తలలకు రకరకాల దెబ్బలు తగిలేలా చేసి, అవి ఏ గీతల వెంట విరుగుతున్నాయో గమనించాడు. పళ్ల పైన అడ్డంగా ఒక గీత, ముక్కును కలుపుకుని గోపురంలా మరొకటి, మొత్తం ముఖాన్నే పుర్రె నుంచి వేరుచేసే మూడోది. నూరేళ్లు దాటినా ముఖ శస్త్రవైద్యులు ఆ మూడు గీతల పేర్లతోనే కేసులు రాసుకుంటున్నారు. పై దవడ గట్టిగా దెబ్బతిన్నప్పుడు ముక్కులోంచి నీళ్లలాంటిది కారితే అది జలుబు కాదు, మెదడు చుట్టూ ఉండే ద్రవం కావచ్చు. ఆ మనిషి ముక్కు చీదకూడదు, ఆలస్యం చేయకుండా పెద్దాసుపత్రికి చేరాలి.

సంపన్న దేశాల్లో ఈ పగుళ్లకు కొట్లాటలు పెద్ద కారణం. మన దేశంలో మొదటి స్థానం రోడ్డుదే, అందులోనూ ద్విచక్ర వాహనానిదే. దెబ్బ తినేవాళ్లలో ఎక్కువమంది ఇరవైల్లో, ముప్ఫైల్లో ఉన్న మగవాళ్లు, అంటే ఇంటికి సంపాదన తెచ్చేవాళ్లు. కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్క ప్రకారం 2022లో దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగాయి. 1,68,491 మంది చనిపోయారు. వాళ్లలో 50,029 మంది హెల్మెట్ లేకుండా బండి నడిపినవాళ్లో, వెనక కూర్చున్నవాళ్లో. చనిపోయినవాళ్ల లెక్క ఇంత వివరంగా ఉంది కానీ, బతికి బయటపడి దవడ కట్టించుకున్నవాళ్ల లెక్క ఆ నివేదికలో లేదు. చావుకు ఒక గడి ఉంది, తీవ్రగాయానికి ఒక గడి ఉంది, ఆ గాయం ముఖంలో ఎక్కడ తగిలిందో రాసే గడి మాత్రం లేదు. గడి లేకపోతే ఏ అధికారికీ అది సమస్యగా కనిపించదు.

మోటారు వాహనాల చట్టంలోని 129వ సెక్షన్ హెల్మెట్ తప్పనిసరి అంటుంది. 2019 సవరణ తర్వాత జరిమానా 1,000 రూపాయలైంది, లైసెన్సు మూడు నెలలు రద్దు చేసే వీలూ ఉంది. తలకు పెట్టుకుంటే చాలదు, పట్టీ బిగించుకోవాలని చట్టమే చెబుతోంది. హెల్మెట్‌కు భారతీయ ప్రమాణాల సంస్థ ముద్ర ఉండాలి, ఆ ప్రమాణం సంఖ్య ఐఎస్ 4151. ఇంతవరకూ బాగానే ఉంది. కానీ ఐఎస్ఐ ముద్ర ఉన్న హెల్మెట్లలో గదవ తెరిచి ఉండేవీ ఉన్నాయి, చట్టానికి అవీ సరిపోతాయి. అలాంటిది పెట్టుకున్నవాడి పుర్రె భద్రం, దవడ మాత్రం రోడ్డుకే ఎదురుగా ఉంటుంది. జర్మనీలోని హనోవర్‌లో డీట్మార్ ఒట్టే అనే పరిశోధకుడు ప్రమాదాల్లో దెబ్బతిన్న హెల్మెట్లను పరిశీలించి, ఎక్కడెక్కడ తాకిడి పడిందో గుర్తులు పెట్టాడు. దాదాపు మూడో వంతు తాకిడి గదవ చుట్టుపక్కలే పడింది. మనిషి ముందుకు పడతాడు కాబట్టి ఇందులో ఆశ్చర్యపోవడానికేమీ లేదు.

మన రోడ్ల మీద హెల్మెట్ కొనేటప్పుడు చూసేది ధర, బరువు, ఎండ. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో ముఖమంతా మూసే హెల్మెట్ పెట్టుకోవడం ఎంత కష్టమో ఎవరూ కాదనలేరు. అయినా గాలి వెళ్లే రంధ్రాలతో, తేలికైన పదార్థాలతో తయారైనవి ఇప్పుడు బజారులో దొరుకుతున్నాయి. ప్రభుత్వం ఒక పని చేయవచ్చు. పోలీసులకు, ప్రభుత్వ సిబ్బందికి, డెలివరీ కుర్రాళ్లకు హెల్మెట్లు కొనిచ్చే చోటల్లా గదవ మూసే రకమే కొనాలని నిబంధన పెట్టవచ్చు. కంపెనీలు రోజంతా బండి మీదే తిప్పే కుర్రాళ్ల దవడకు ఆ కంపెనీలే బాధ్యత తీసుకోవాలి. చలానా తప్పించుకోవడానికి నెత్తిన పెట్టుకునే ప్లాస్టిక్ టోపీని మాత్రం హెల్మెట్ అని పిలవడమే తప్పు. అది పుర్రెనూ కాపాడదు, దవడనూ కాపాడదు.

స్కూటర్ ముందు నిలబడి వెళ్లే పిల్లల్ని చూస్తే గుండె గుభేలుమంటుంది. సడెన్ బ్రేక్ వేస్తే ఆ పిల్లల గదవ నేరుగా హ్యాండిల్‌కు తగులుతుంది. తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ల పిల్లల్ని బండి మీద తీసుకెళ్తే వాళ్లకు సరిపడే హెల్మెట్, బండి నడిపేవాళ్లతో వాళ్లను కలిపి కట్టే రక్షణ పట్టీ ఉండాలని, వేగం 40 కిలోమీటర్లు దాటకూడదని 2022లో కేంద్రం నిబంధన తెచ్చింది. బడి గేటు దగ్గర ఏ ఉదయం నిలబడి చూసినా ఆ నిబంధన కాగితం దాటి రాలేదని తెలుస్తుంది.

పిల్లల దవడ గురించి ఇంకొంచెం చెప్పుకోవాలి, ఎందుకంటే అసలు నష్టం అక్కడే ఉంది. ఆడుకుంటూ మెట్ల మీదో, అరుగు మీంచో పడి గదవ చీల్చుకున్న నాలుగేళ్ల పాపకు కుట్లు వేస్తారు. పాప రెండు మూడు రోజులు అన్నం తినదు, నొప్పి అనుకుంటారు. తర్వాత మామూలైపోతుంది. నిజానికి చెవి ముందున్న కీలు నలిగి ఉండవచ్చు. పిల్లల్లో కీలు ఎముక మెత్తగా, నెత్తురు ఎక్కువగా ఉంటుంది. నలిగిన చోట నెత్తురు గడ్డ కట్టి, అది ఎముకగా మారి, కీలు పుర్రెతో కలిసిపోయే ప్రమాదం ఉంది. నెలలు గడిచేకొద్దీ నోరు తెరుచుకోవడం తగ్గుతుంది. చివరికి వేలు కూడా దూరదు. కింది దవడ పెరుగుదలకు ఆ కీలు చాలా ముఖ్యం కాబట్టి గదవ ఎదగక లోపలికి పోతుంది. నాలుక వెనక్కి జరిగి రాత్రుళ్లు ఊపిరి ఆడక గురక వస్తుంది. పళ్లు తోముకోవడం కుదరక పుచ్చిపోతాయి. ఆపరేషన్ చేయాలన్నా నోరు తెరుచుకోదు కనుక మత్తు ఇవ్వడమే పెద్ద సవాలు, సన్నటి కెమెరా గొట్టాన్ని ముక్కులోంచి దించి ఊపిరి దారి చూసుకోవాలి. ఇంత బాధ వెనక ఎప్పుడో గదవకు తగిలి, కుట్లతో వదిలేసిన చిన్న దెబ్బ ఉండటం మన దేశంలో ముఖ శస్త్రవైద్యులకు తెలిసిన సంగతే.

దీనికి విరుగుడు ఏమంత పెద్దది కాదు. గదవ చీలిన ప్రతి పిల్లకూ కీలు చూడాలి, అనుమానం ఉంటే ఎక్స్‌రేయో, సీటీ స్కానో తీయాలి. పిల్లల్లో కీలు విరిగితే చాలాసార్లు ఆపరేషనే అవసరం లేదు. కొద్దిరోజులు మెత్తటి ఆహారం పెట్టి, ఆ తర్వాత రోజూ నోరు తెరిచే వ్యాయామం చేయించి, నెలల తరబడి మళ్లీ మళ్లీ చూపించుకుంటే చాలు. ఆ మాట తల్లిదండ్రులకు ఎవరో ఒకరు చెప్పాలి.

దెబ్బలన్నీ రోడ్డు మీద తగిలేవి కావు. "బాత్‌రూమ్‌లో జారి పడ్డాను" అంటూ దవడ పట్టుకుని వచ్చిన స్త్రీకి ఎడమ దవడ మూల విరిగి ఉండి, గదవ మీద గీత కూడా లేకపోతే, ఎముక చెబుతున్న కథ వేరు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, పెళ్లయిన స్త్రీలలో దాదాపు 29 శాతం మంది భర్త చేతిలో హింసను ఎదుర్కొన్నామని చెప్పారు. కొట్టేవాడి చెయ్యి ముందుగా చేరేది మొహానికే. ఆమెను పక్కనున్న భర్త ముందో, అత్త ముందో ప్రశ్నిస్తే నిజం రాదు. విడిగా కూర్చోబెట్టి, మెల్లగా అడగాలి. ఎముకో, పన్నో విరిగితే భారతీయ న్యాయ సంహిత 116వ సెక్షన్ ప్రకారం అది తీవ్ర గాయం. కావాలని అలాంటి గాయం చేసినవాడికి ఏడేళ్ల దాకా జైలు పడవచ్చు. కేసు పెట్టాలా వద్దా అన్నది ఆమె తర్వాత ఆలోచించుకోవచ్చు. గాయం ఏ వైపు ఎలా ఉందో ఆ రోజే కాగితం మీదికి ఎక్కకపోతే మాత్రం, రేపు ఆమె న్యాయం కోరినా చేతిలో ఆధారం ఉండదు.

విరిగిన దవడతోనూ మైదానంలో నిలబడిన వీరుడి బొమ్మ మనందరి కళ్లలో ఉంది. 2002 మేలో ఆంటిగ్వా టెస్టులో వెస్టిండీస్ బౌలర్ మెర్విన్ డిలన్ బంతి తగిలి అనిల్ కుంబ్లే దవడ విరిగింది. తలచుట్టూ కట్టు కట్టుకుని వచ్చి వరసగా 14 ఓవర్లు వేసి, బ్రయాన్ లారాను ఔట్ చేశాడు. ఆ తెగువను తక్కువ చేయాల్సిన పనిలేదు. అయితే ఆ తర్వాత జరిగిన సంగతిని కూడా గుర్తుపెట్టుకోవాలి. ఆయన సిరీస్ వదిలి బెంగళూరు వచ్చి ఆపరేషన్ చేయించుకున్నాడు. 1973 మార్చి 31న శాన్ డియాగోలో కెన్ నార్టన్ చేతిలో దవడ విరిగినా బాక్సర్ ముహమ్మద్ అలీ 12 రౌండ్లూ ఆడి ఓడాడు. రింగు దిగాక ఆయనా ఆసుపత్రికే వెళ్లాడు, దవడకు తీగలు కట్టించుకున్నాడు. కట్టు కట్టుకుని బౌలింగ్ చేసిన ఫొటో ఊరూరా తిరిగింది, ఆపరేషన్ సంగతి అంతగా తెలియలేదు.

దవడ వైద్యం చాలా పాతది. క్రీస్తుపూర్వం 1600 ప్రాంతపు ఈజిప్టు వైద్యపత్రం, పండితులు ఎడ్విన్ స్మిత్ పేరుతో పిలిచేది, జారిన దవడను బొటనవేళ్లతో లోపల నొక్కి ఎలా కూర్చోబెట్టాలో చెబుతుంది. ఇప్పటికీ వైద్యులు దాదాపు అదే చేస్తారు. విరిగి, గాయం బయటపడి, జ్వరం వచ్చిన దవడ దగ్గరికి వచ్చేసరికి మాత్రం వైద్యం చేయలేమని చేతులెత్తేస్తుంది. గ్రీకు వైద్యుడు హిపోక్రటీస్ పేరిట ఉన్న గ్రంథాల్లో పగులుకు రెండు వైపులా ఉన్న పళ్లను బంగారు తీగతోనో, నార దారంతోనో కట్టమని ఉంది. 1865 ఏప్రిల్‌లో అమెరికా విదేశాంగ మంత్రి విలియం సెవార్డ్ గుర్రపు బండి మీంచి పడి దవడ విరగ్గొట్టుకున్నాడు. తొమ్మిది రోజులకే, అధ్యక్షుడు లింకన్‌ను కాల్చిన రాత్రే, ఒక హంతకుడు మంచం మీదున్న సెవార్డ్ ముఖం మీద కత్తితో దాడి చేశాడు. ఆ దవడను గట్టి రబ్బరు తొడుగుతో నిలబెట్టింది న్యూయార్క్ దంతవైద్యుడు థామస్ గన్నింగ్.

బంగారు తీగ నుంచి రబ్బరు తొడుగు దాకా దవడను నిలబెట్టిన ఆధారం పళ్లే. పై పళ్లకు కింది పళ్లను సరిగ్గా కలిపితే, వాటి కింద ఎముక తన చోటికి తాను వస్తుంది. చెయ్యి ఎముక కొంచెం వంకరగా అతికినా పనిచేస్తుంది, దవడ అర మిల్లీమీటరు తప్పినా ప్రతి ముద్దకూ గుర్తుచేస్తుంది. ఈ కారణంగానే దవడ విరిగితే చూడాల్సింది దంతవైద్యంలోనే పీజీ చేసిన ముఖ, దవడ శస్త్రవైద్యులు. ఈ సంగతి తెలియక చాలామంది ఎముకల డాక్టర్ దగ్గరికి వెళ్తారు. కొందరు పుత్తూరు కట్టు కోసం బయల్దేరతారు. ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన, వెదురు బద్దలతో చేతులూ కాళ్లూ కట్టే ఆ సంప్రదాయం మీద జనానికి తరతరాల నమ్మకం ఉంది. కానీ దవడకు బద్ద కట్టడానికి చోటెక్కడుంది? పైగా పళ్లున్న చోట విరిగిన పగులు నోట్లోకి తెరుచుకునే ఉంటుంది, ఉమ్ములోని క్రిములు ఎముకలోకి దిగుతాయి. దానికి యాంటీబయాటిక్ కావాలి, లోపల శుభ్రం చేయాలి. బయటి నుంచి ఎంత బిగించినా ఆ పని కాదు.

ఇప్పటి పద్ధతి ఇలా ఉంటుంది. పై పళ్లకూ కింది పళ్లకూ సన్నటి లోహపు పట్టీలు కట్టి, వాటిని తీగలతో కలిపి బిగిస్తారు. కొన్ని పగుళ్లకు అదే చాలు, పెద్దవాళ్లకు నాలుగు నుంచి ఆరు వారాలు నోరు మూసి ఉంచుతారు. ముక్కలు జరిగితే ఆపరేషన్ చేసి టైటానియం ప్లేట్లు, స్క్రూలు బిగిస్తారు. 1970ల్లో స్ట్రాస్‌బూర్గ్‌లో మాక్సిమ్ షాంపీ నమిలేటప్పుడు దవడలో లాగుడు ఎక్కడెక్కడ పడుతుందో లెక్కగట్టి, ఆ గీతల మీద చిన్న ప్లేటు వేస్తే చాలని చూపించాడు. అప్పటి నుంచి చాలా పగుళ్లను నోటి లోపలి నుంచే, బయట మచ్చ లేకుండా సరిచేస్తున్నారు. ప్లేటు వేసినవాళ్లలో చాలామందికి నోరు త్వరగానే విడిపిస్తారు, అయినా ఆరు వారాలు గట్టివి కొరకకూడదు. రాగి జావ, పప్పుకట్టు, మజ్జిగ, పాలల్లో కలిపిన గుడ్డు, మిక్సీలో మెత్తగా చేసిన అన్నం, ఇవే ఆహారం. నోరు కట్టి ఉన్నవాళ్ల పక్కన తీగ కత్తిరించే పట్టకారు ఎప్పుడూ ఉండాలి. వాంతి వస్తే వెంటనే తెంపడానికి అదొక్కటే దారి. గుట్కా, సిగరెట్, మందు ఆ రోజుల్లోనైనా మానకపోతే పుండు మానదు.

ప్రమాదం జరిగిన చోట నిలబడ్డవాళ్లు కూడా తెలుసుకోవాల్సింది ఉంది. గదవకు రెండు పక్కలా విరిగితే నాలుకను ముందుకు పట్టి ఉంచే ఆధారం పోతుంది. మనిషిని వెల్లకిలా పడుకోబెడితే నాలుక వెనక్కి జారి ఊపిరి ఆగిపోతుంది. స్పృహ ఉంటే ముందుకు వంగి కూర్చోనివ్వాలి, నెత్తురు ఉమ్మేయనివ్వాలి. స్పృహ లేకపోతే మెడ కదలకుండా పట్టుకుని పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. మన దగ్గర దెబ్బ తగిలినవాడికి మొదట చేసే పని నోట్లో నీళ్లు పోయడం. అది మానాలి. ఊడిన పన్ను కనిపిస్తే వేరును తాకకుండా పట్టుకుని పాలల్లో వేసి తీసుకెళ్లాలి, గంటలోపు చేరితే మళ్లీ నాటే అవకాశం బాగా ఉంటుంది. సాయం చేసినవాణ్ని పోలీసులు వేధించకుండా 2019 సవరణలోని 134ఎ సెక్షన్ కాపాడుతుంది, కాబట్టి వెనకాడాల్సిన అవసరం లేదు.

హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో, విజయవాడలో, కడపలో ప్రభుత్వ దంతవైద్య కళాశాలలు ఉన్నాయి. జిల్లా, ఏరియా ఆసుపత్రుల్లో దంతవైద్యుల పోస్టులూ ఉన్నాయి. వాళ్లను పళ్లు పీకడానికే పరిమితం చేయకుండా, ముఖం మీద దెబ్బతో వచ్చిన ప్రతి రోగినీ చూసే బాధ్యత అప్పగిస్తే సగం సమస్య అక్కడే తీరుతుంది. దవడ మొత్తాన్ని ఒకే ఫిల్ములో చూపే ఎక్స్‌రే యంత్రం ప్రతి జిల్లా ఆసుపత్రిలో ఉండాలి, అది పాడైతే బాగుచేయించే మనిషీ ఉండాలి. డబ్బు సంగతికి వస్తే, 2025 మే నెలలో కేంద్రం తెచ్చిన నగదు రహిత చికిత్స పథకం రోడ్డు ప్రమాద బాధితుడికి లక్షన్నర రూపాయల దాకా ఇస్తుంది, కానీ ప్రమాదం జరిగిన నాటి నుంచి ఏడు రోజుల వరకే. తలకు కూడా దెబ్బ తగిలిన మనిషికి మెదడు వాపు తగ్గేదాకా దవడ ఆపరేషన్ ఆపాల్సి వస్తుంది. వాపు తగ్గి, మత్తు ఇవ్వవచ్చని డాక్టర్లు ఒప్పుకునే నాటికి ఆ ఏడు రోజులు అయిపోయి ఉండవచ్చు. ముఖం ఎముకలు విరిగినవాళ్లకు ఆ గడువును కనీసం మూడు వారాలకు పెంచమని రెండు తెలుగు రాష్ట్రాలూ కేంద్రాన్ని అడగాలి. అప్పటిదాకా ఎనిమిదో రోజు నుంచి ఆరోగ్యశ్రీ, ఎన్టీఆర్ వైద్య సేవ కింద అదే ఆసుపత్రిలో, అదే మంచం మీద చికిత్స కొనసాగేలా ఉత్తర్వులు ఇవ్వాలి.